చీతాల కోసం చందా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: చీతాల రక్షణకు ఒక క్షేత్ర కేంద్రం కట్టించాలని మా గణేశ్ మండలి అనుకుంటోంది. పండుగ రసీదు పుస్తకంతోనే చందాలు వసూలు చేయవచ్చా? (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

జవాబు: చేయకూడదు. పండుగకని ఛారిటీ కమిషనర్ కార్యాలయం మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టం 41సీ సెక్షన్ కింద ఇచ్చే అనుమతి ఆ పండుగ వరకే. చీతాల పనికి వేరే దరఖాస్తు, వేరే రసీదు పుస్తకం, వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండి. ఖాతా ఒక్కటే అయితే మండపం బాకీకి చీతాల డబ్బు తీయడం, తర్వాత సర్దలేక తలలు పట్టుకోవడం మామూలే.

కరపత్రంలో చిరుతపులి బొమ్మ వేయకండి. మీ అడవిలో తిరిగేది చిరుత. దాని మచ్చలు గుత్తులుగా ఉంటాయి. చీతావి నిండు చుక్కలు, కంటి నుంచి నోటి దాకా నల్లచార దిగుతుంది. మన దేశంలో చీతా అంతరించిందని 1952లోనే ప్రకటించారు. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిదింటిని, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండింటిని మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కుకు తెచ్చారు. 2025 ఏప్రిల్‌లో అక్కడి నుంచి అదే రాష్ట్రంలోని గాంధీసాగర్ అభయారణ్యానికి తరలించిన రెండింటిలో ఒకదాని పేరు ప్రభాస్. ఆ సంగతి కరపత్రంలో ఉంటే కుర్రకారు జేబులు కాస్త తేలిగ్గా తెరుచుకుంటాయేమో!

ఇక కట్టడం మాట. జాతీయ పార్కులో పరిశోధనకు అడుగుపెట్టాలన్నా వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి. అక్కడ మీరు గది కట్టడం జరిగే పని కాదు. పార్కు వెలుపలి ఊళ్లలో ఇప్పటికే పనిచేస్తున్న రిజిస్టర్డు సంస్థను ఎంచుకోండి. మూడేళ్ల ఆడిట్ లెక్కలు, అటవీశాఖ ఇచ్చిన అనుమతి పత్రం చూశాకే చందా పుస్తకం తెరవండి.

ప్రశ్న: డబ్బు దేనికని దాతలు అడిగితే ఏం చెప్పాలి? (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా)

జవాబు: భవనానికని చెబితే చందా తొందరగానే వస్తుంది. కానీ కేంద్రాలు మూతపడేది గోడలు లేక కాదు, జీతాలూ డీజిలూ లేక. అందుకే నడిపే ఖర్చే అడగమంటాం.

కెమెరాల లెక్క ఒకటి చెప్పి చూడండి. చీతాకు కుడిపక్క చుక్కలు ఒక తీరు, ఎడమపక్క ఇంకో తీరు. ఏ జంతువో తేల్చాలంటే రెండు పక్కలా ఫొటో పడాలి. కాబట్టి చోటుకు ఎదురెదురుగా రెండు ట్రాప్ కెమెరాలు (జంతువు ఎదుటికి రాగానే వాటంతటవే ఫొటో తీసేవి). ఇరవై చోట్లకు నలభై. ఒక్కోదానికి ఎనిమిది పెన్సిల్ సెల్లు పట్టే రకమైతే, మార్చిన ప్రతిసారీ 320 సెల్లు కావాలి. మెమరీ కార్డులు కెమెరాకు రెండేసి, ఒకటి లోపల, ఒకటి మార్చేందుకు. ఎదుట గడ్డి కోయకపోతే అది ఊగిన ప్రతిసారీ కెమెరా క్లిక్‌మంటుంది. కార్డు నిండా గడ్డే. గడ్డి కోసే మనిషి కూలి కూడా బడ్జెట్‌లో ఉండాలనేది ఇందుకే. ఎండాకాలంలో ఇంకో చిక్కు. ఈ కెమెరాలు ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడాను పసిగడతాయి. గాలి కూడా ఒంటి వేడికి చేరితే జంతువు ఎదురుగా నడిచినా పట్టవు. గడ్డి కోసే మనిషి కూలి కూడా బడ్జెట్‌లో ఉండాలనేది ఇందుకే.

రేడియో కాలర్లకని (జంతువు ఎక్కడుందో తెలిపే మెడపట్టీలు) అడిగితే జనం ఉత్సాహంగా ఇస్తారు గానీ, అవి వేసేది అటవీశాఖ, వన్యప్రాణి వైద్యులు. 2023 వానాకాలంలో కూనోలో కాలర్ కింద తడి నిలిచి, చర్మం పుండై పురుగు పట్టి, అది రక్తానికి పాకి చీతాలు చనిపోయాయి. మీ చందా కాలర్లకు కాకుండా మేకల దొడ్డి కంచెలకు, పశువు పోయిన రైతుకు పరిహారం కాగితాలు నింపిపెట్టే మనిషి జీతానికి వెళితే మేలు. దూడ పోయి కడుపు మండిన రైతు ఉన్న ఊళ్లో చీతాకు రక్షణ ఉండదు.

ప్రశ్న: డబ్బు నేరుగా నమీబియా సంస్థకే పంపవచ్చా? అమెరికాలోని బంధువులు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా? (గుణుపురం, రాయగడ జిల్లా)

జవాబు: అక్కడి చీతా కన్జర్వేషన్ ఫండ్ 1990 నుంచి పనిచేస్తోంది. 1994 నుంచి రైతులకు కాపలా కుక్కలను ఇస్తోంది. మేకల మధ్యే పెరిగిన ఆ కుక్క ఉన్న మందకు చీతా దూరంగా ఉంటుంది, రైతు తుపాకీ తీయడు. అయితే విదేశానికి విరాళం పంపేందుకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఎల్‌ఆర్‌ఎస్ సౌకర్యం వ్యక్తులకే. సంఘాలకు, ట్రస్టులకు లేదు. విరాళాలకు ఇచ్చే, 80జీ అని పిలిచే ఆదాయపు పన్ను రాయితీ కూడా రాదు. దేశంలోని సంస్థకు ఇచ్చినా, రెండు వేలు దాటిన నగదుకు ఆ రాయితీ లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలే లేదు.

బంధువుల విషయంలో చూడాల్సింది వాళ్లు ఉండే దేశం కాదు, పాస్‌పోర్టు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం దాన్ని ముట్టకూడదు. డబ్బు ఖాతాలో పడ్డాక అడగడం కాదు, ముందే పాస్‌పోర్టు నకలు తెప్పించి రసీదు కౌంటర్‌ఫాయిల్‌కు జతచేయండి.