ఆపరేషన్ చేస్తే గానీ ఎండోమెట్రియోసిస్ తేలదా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది అనంతపురం జిల్లా గుత్తి. పెళ్లయి మూడేళ్లయినా గర్భం రాలేదు. ఇంటర్ చదివే రోజుల నుంచీ నెలసరిలో విపరీతమైన నొప్పి ఉండేది. రెండేళ్లుగా ఆ రోజుల్లో మలవిసర్జన సమయంలోనూ తట్టుకోలేనంత నొప్పి వస్తోంది. నిరుడు పొట్ట మీద చేసిన స్కాన్‌లో అంతా మామూలుగానే ఉందన్నారు. పోయిన నెల మరోచోట లోపలి స్కాన్ చేసి, ఎడమ అండాశయంలో 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ ఉందని, ఎండోమెట్రియోసిస్ కావచ్చని, లాపరోస్కోపీ చేసి చూస్తేనే ఖాయంగా తెలుస్తుందని చెప్పారు. ఆపరేషన్ లేకుండా ఈ జబ్బును నిర్ధారించలేరా? ఎంఆర్ఐ తీయించుకోవాలా?

జవాబు: కేవలం నిర్ధారణ కోసమే మీరు ఆపరేషన్ బల్ల ఎక్కనక్కర్లేదు. పొట్టలోకి కెమెరా పంపి, ముక్క తీసి పరీక్షిస్తే తప్ప ఎండోమెట్రియోసిస్ అని చెప్పకూడదన్నది మేము చదువుకున్న రోజుల్లో నియమం. చాలామంది వైద్యులు ఇప్పటికీ అదే మాట చెబుతుంటారు. అయితే సంతాన సాఫల్య వైద్య నిపుణుల యూరోపియన్ సంఘం 2022లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో లాపరోస్కోపీని ఆ స్థానం నుంచి తప్పించింది. స్కాన్‌లలో ఏమీ కనిపించనప్పుడు, లేదా మందులు పనిచేయనప్పుడు, మందులు వాడే వీలు లేనప్పుడు మాత్రమే నిర్ధారణ కోసం లాపరోస్కోపీని ఆలోచించమని సూచించింది. మీ స్కాన్‌లో జబ్బు ఆనవాలు ఇప్పటికే కనిపించింది కాబట్టి, ఉందా లేదా అన్న దశ మీరు దాదాపు దాటేసినట్టే. ఇప్పుడు తెలుసుకోవలసింది అది ఎక్కడెక్కడ, ఎంత లోతుగా ఉందన్నది.

గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం గర్భసంచి వెలుపల పెరగడమే ఎండోమెట్రియోసిస్. ఇది మూడు రూపాల్లో ఉంటుంది, మూడూ స్కాన్‌కు ఒకేలా దొరకవు. అండాశయంలో పాత రక్తం చిక్కగా నిలిచి గడ్డలా మారితే దాన్ని చాక్లెట్ సిస్ట్ అంటాం. లోపలి స్కాన్‌లో అది గరుకు గాజు పలక వెనుక నుంచి చూసినట్టు ఒకే రకమైన మసకతో కనిపిస్తుంది. అనుభవం ఉన్నవారు నూటికి 90కి పైగా సందర్భాల్లో దీన్ని సరిగ్గానే గుర్తిస్తారు. అండం విడుదలయ్యాక అండాశయంలో ఆ చోట రక్తం చేరి ఏర్పడే మామూలు సిస్ట్ కూడా ఒక్కోసారి ఇలాగే భ్రమింపజేస్తుంది. సందేహం ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ స్కాన్ చేస్తాం. మామూలు రక్తపు సిస్ట్ ఆలోపు కరిగిపోతుంది, చాక్లెట్ సిస్ట్ అలాగే ఉంటుంది. రెండో రూపంలో జబ్బు గర్భసంచి వెనుక ఉన్న బంధనాల్లోకి, పెద్దపేగు గోడలోకి, మూత్రాశయంలోకి లోతుగా పాతుకుంటుంది. పొత్తికడుపు లోపలి పల్చటి పొర మీద చిన్న చిన్న మచ్చలుగా ఉండేది మూడో రూపం. ఈ మచ్చలు ఏ స్కాన్‌లోనూ, ఎంఆర్ఐలోనూ నమ్మకంగా కనిపించవు. అందుకే స్కాన్ మామూలుగా ఉందంటే జబ్బు లేదని అర్థం కాదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎందరో ఆడపిల్లల నొప్పిని ఏళ్ల తరబడి కొట్టిపారేశారు.

నిరుడు మీకు పొట్ట మీద నుంచి చేసిన స్కాన్ ఈ జబ్బును వెతకడానికి చాలదు. గర్భసంచి సైజు, పెద్ద గడ్డలు అందులో తెలుస్తాయి గానీ, వెనుక పేగుకు అతుక్కున్న కణుపులు దొరకవు. యోని ద్వారా చేసే స్కాన్‌లో కూడా రెండు అండాశయాల కొలతలు రాసి పది నిమిషాల్లో ముగించడం వేరు, ఎండోమెట్రియోసిస్ కోసమే వెతకడం వేరు. రెండో పద్ధతిలో వైద్యులు ప్రోబ్‌తో (లోపల పెట్టే స్కాన్ పరికరం) మెల్లగా నొక్కుతూ గర్భసంచి, దాని వెనుక పేగు ఒకదానిమీద ఒకటి జారుతున్నాయో లేదో గమనిస్తారు. జారకపోతే అతుక్కున్నాయన్నమాట. ఎక్కడ నొక్కితే మీకు నొప్పి వస్తోందో అడుగుతారు. ఆ చోటు చెప్పడానికి మొహమాటపడకండి, స్కాన్‌లో అదొక ముఖ్యమైన ఆధారం. రెండు అండాశయాలు గర్భసంచి వెనుక ఒకదానికొకటి ఆనుకుని కదలకుండా ఉన్నా జబ్బు తీవ్రంగా ఉందని అనుమానిస్తాం. ఈ స్కాన్ నెలసరికి ముందైనా తర్వాతైనా చేయించుకోవచ్చు. చేసేటప్పుడు మహిళా సిబ్బంది తోడుండాలని అడిగే హక్కు మీకుంది. పెళ్లికాని అమ్మాయిలకు సాధారణంగా ఈ స్కాన్ చేయరు, వారికి ఎంఆర్ఐ మంచి ప్రత్యామ్నాయం.

ఇక మీ ఎంఆర్ఐ సంగతి. మీ విషయంలో నేను అవుననే అంటాను. అందుకు కారణం సిస్ట్ కాదు, నెలసరిలో మలవిసర్జనప్పుడు వచ్చే నొప్పి. చాక్లెట్ సిస్ట్ ఉన్నవారిలో మరోచోట లోతైన జబ్బు కూడా ఉండటం తరచుగా చూస్తాం, మీ లక్షణం పేగు వైపే వేలు చూపిస్తోంది. పేగు గోడలో కణుపు ఉన్నట్టు ముందే తెలిస్తే, ఆపరేషన్‌లో స్త్రీల వైద్యులతో పాటు పేగుల సర్జన్ కూడా ఉండాలి. అది మీ ఊరి దగ్గర సాధ్యమా, కర్నూలు, హైదరాబాద్, బెంగళూరులలో ఎక్కడికి వెళ్లాలన్నది ఆ చిత్రాలు చూశాకే తేల్చుకోవాలి. పొట్ట తెరిచాక పేగు అతుక్కుని ఉందని గమనించి, చేసేది లేక మూసేసి మరో ఆసుపత్రికి పంపిన కేసులు నా దగ్గరికి వచ్చాయి. వారికి మొదటి ఆపరేషన్ వల్ల మిగిలింది కొత్త అతుకులు మాత్రమే.

ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు. కొవ్వు సంకేతాన్ని అణచివేసి తీసిన చిత్రాల్లో పాత రక్తం తెల్లగా మెరుస్తుంది కాబట్టి, చాక్లెట్ సిస్ట్‌కూ కొవ్వు ఉండే డెర్మాయిడ్ సిస్ట్‌కూ తేడా తెలుస్తుంది. వైద్యుల చీటీలో ‘పెల్విస్ ఎంఆర్ఐ’ అని మాత్రమే కాకుండా, ‘లోతైన ఎండోమెట్రియోసిస్ అనుమానం, పేగు పరిశీలించాలి’ అని రాయించుకోండి. రేడియాలజిస్టుకు ఏం వెతకాలో తెలిస్తేనే చిత్రాలు ఆ తీరుగా తీస్తారు. కొన్ని గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. పేగుల కదలిక ఆపడానికి ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. మంగళసూత్రం, మెట్టెలు తీసి పెట్టవలసి వస్తుంది. మనసొప్పకపోతే ఆ కాసేపు పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకుని వెళ్లండి, మా దగ్గరికి వచ్చేవారు చాలామంది అలాగే చేస్తారు. రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, చిత్రాల సీడీ కూడా అడిగి తీసుకోండి.

సీటీ స్కాన్ ఈ పనికి అంతగా ఉపయోగపడదు, పైగా రేడియేషన్. సీఏ-125 రక్తపరీక్ష కూడా నిర్ధారణకు పనికిరాదు. నెలసరి రోజుల్లోనూ, ఫైబ్రాయిడ్లు (గర్భసంచి గడ్డలు) ఉన్నా, పొట్టలో క్షయ ఉన్నా అది పెరుగుతుంది. క్షయ మన దగ్గర అరుదైన జబ్బేమీ కాదు కదా. కిడ్నీల స్కాన్ మాత్రం తప్పకుండా చేయించండి. లోతైన జబ్బు మూత్రనాళాన్ని నొక్కితే ఏ నొప్పీ లేకుండానే ఆ వైపు కిడ్నీ ఉబ్బి, చివరికి పనిచేయడం మానేయవచ్చు.

మీకు పిల్లలు కావాలి కాబట్టి, సిస్ట్ తీసే ఆపరేషన్‌కు తొందరపడకపోవడానికి ఇంకో కారణం ఉంది. సిస్ట్ గోడతో పాటు దాన్ని అంటుకున్న ఆరోగ్యమైన అండాశయ భాగం కూడా కొంత పోతుంది, అండాల నిల్వ తగ్గుతుంది. ముందుగా అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించి, సంతాన చికిత్స నిపుణులతో మాట్లాడాకే కత్తి సంగతి ఆలోచించాలి. నొప్పికి ఇచ్చే డైనోజెస్ట్ వంటి హార్మోన్ మాత్రలు అండం విడుదలను ఆపుతాయి కాబట్టి, గర్భం కోసం ప్రయత్నించే నెలల్లో అవి కుదరవు. మీ ఉత్తరంలో మీవారికి జరిగిన పరీక్షల ప్రస్తావన ఎక్కడా లేదు. మూడేళ్లుగా మీరొక్కరే స్కాన్‌ల చుట్టూ తిరుగుతున్నట్టయితే, ఎంఆర్ఐకి తేదీ తీసుకునే ముందు ఆయన వీర్య పరీక్ష చేయించండి. దానికయ్యే ఖర్చు ఎంఆర్ఐ ఖర్చులో చిన్న వంతు, ఫలితం చాలాచోట్ల ఆ రోజే ఇస్తారు.