పాత తరం, కొత్త తరం కవుల గొడవ నిజంగా వయసు గొడవేనా?

ప్రయోగాలు చేసే కవులు తమ ముందు తరాన్ని తిట్టిపోయడం వయసు వేడా, రాజకీయమా అని నన్ను ఒకరు అడిగారు. నేను చూసినంతలో వయసు పైకి కనిపించేది మాత్రమే. ముందుమాట ఎవరు రాయాలి, పుస్తకం ఎవరి చేత ఆవిష్కరింపజేయాలి, ఏ కవిత తీసేయాలి అనే దగ్గర అసలు సంగతి బయటపడుతుంది.

1960లలో తెలుగు కవిత్వంలో తిరుగుబాటు చేసిన దిగంబర కవులనే తీసుకోండి. ఆరుగురూ సొంత పేర్లు వదిలేసి, 1965లో మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి నాంపల్లి పండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1966లో రెండోదాన్ని విజయవాడలో జంగాల చిట్టి అనే హోటల్ పనివాడి చేత. కాలేజీ రోజుల్లో ఇదంతా జనం దృష్టిలో పడటానికి చేసిన హడావిడి అనుకునేదాన్ని.

తర్వాత మేం అయిదుగురం కలిసి ఒక చిన్న సంకలనం వేశాం. ముందుమాట కోసం ఒక పెద్ద కవి ఇంటికి వెళ్తే ఆయన ఎంతో ఆప్యాయంగా కూర్చోబెట్టి, ప్రతులన్నీ చదివి, ఒక కాగితాన్ని మాత్రం పక్కకి తీసి టేబుల్ మీద బోర్లించి పెట్టారు. "ఇది తీసేయండమ్మా, మిగతావి బావున్నాయి" అన్నారు. అది మా స్నేహితురాలు తన నెలసరి గురించి రాసిన కవిత. ఆమె ఆ రోజు మాతో రాలేదు. మేం నలుగురం మొహాలు చూసుకుని, ఆయన పేరుంటే పుస్తకం నాలుగు చేతుల్లోకి వెళ్తుందని సరేనన్నాం. ఆమె కవితలు ఇంకో రెండు వేశాం కానీ ఆవిష్కరణకి ఆమె రాలేదు. దిగంబరులు పెద్దల చేతిని ఎందుకు వద్దనుకున్నారో నాకు అప్పుడు అర్థమైంది.

అలాగని కొత్తవాళ్ళందరూ ఒకవైపు, పాతవాళ్ళందరూ ఒకవైపు ఉండరు. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభల సమయంలో విద్యార్థులు కరపత్రం వేసి, మీరు ఎటువైపు అని రచయితలను నిలదీశారు. అదే ఏడాది జూలై 4న విరసం (విప్లవ రచయితల సంఘం) ఏర్పడితే అధ్యక్షుడు అరవై ఏళ్ళ శ్రీశ్రీయే! ఆయనకంటే పాతికేళ్ళకు పైగా చిన్నవాళ్ళైన దిగంబర కవులు నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు అందులో చేరారు. వాళ్ళతో కలిసి మూడు సంపుటాలు వేసిన మహాస్వప్న, భైరవయ్య మాత్రం బయటే ఉండిపోయారు. ఒకే తరం, ఒకే పుస్తకం, అయినా దారులు వేరయ్యాయి. దీన్ని వయసుతో ఎలా వివరిస్తాం?

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఆరుగురిలో ఒక్క స్త్రీ లేదు. వాళ్ళ కోపాన్ని నేను గౌరవిస్తాను, కానీ సమాజాన్ని తిట్టడానికి ఆడవాళ్ళ శరీరాన్ని వాడుకున్న వాక్యాలు చదువుతుంటే ఇప్పటికీ నొప్పిగా ఉంటుంది. 80ల తర్వాత స్త్రీవాద కవులు, వాళ్ళ వెనకే దళిత కవులు వచ్చి నిలదీసింది పాతవాళ్ళనొక్కళ్ళనే కాదు, తిరుగుబాటు చేశామన్నవాళ్ళని కూడా. మా నలుగురిని ఎవరైనా అలా నిలదీస్తే చెప్పుకోవడానికి మా దగ్గర ఏమీ లేదు, అప్పటికి మాకు పాతికేళ్ళు కూడా లేవు మరి.

ఆ బోర్లించిన కాగితం నా దగ్గరే ఉంది, రూళ్ళ కాగితం, నీలం ఇంకు. ఇప్పుడు వేస్తున్న సంకలనంలో ముందుమాట లేకుండా, మొదటి పేజీలోనే ఆ కవిత వేస్తానని పోయిన నెల ఆమెకి ఫోన్ చేశాను. ఆలోచించి చెప్తానంది.