వయొలిన్ పలకని స్వరం ఎక్కడిది?

ప్రశ్న: మా అబ్బాయి స్వయంగా అమర్చిన చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో, సెకనుకు 8,000 నమూనాల (ధ్వనితరంగపు కొలతల) చొప్పున నా వయొలిన్ సాధనను రికార్డు చేస్తే, నేను వాయించని కీచుధ్వని వినిపిస్తోంది. లోపం వాద్యానిదా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వాద్యానిది కాదమ్మా. సెకనుకు 8,000 నమూనాలు తీస్తే, అందులో సగమైన 4,000 హెర్ట్జ్ (సెకనుకు 4,000 కంపనాలు) లోపలి ధ్వనులే యథాతథంగా దక్కుతాయి. మీరు తారస్థాయిలో 1,250 హెర్ట్జ్ స్వరం పలికించినప్పుడు దానితోపాటే పుట్టే, దానికి నాలుగు రెట్లయిన 5,000 హెర్ట్జ్ అతిస్వరం, నమూనాలలో 3,000 హెర్ట్జ్ ధ్వనిగా మారువేషం వేసుకుంటుంది. అలా కలిసిపోయిన తరువాత ఏ ఉపాయంతోనూ దానిని విడదీయలేము. కనుక 4,000 హెర్ట్జ్‌కు మించిన పౌనఃపున్యాలను (కంపనాల వేగాలను) నమూనాలు తీయడానికి ముందే ఫిల్టరుతో ఆపాలి. ఈ నియమం పాటిస్తే, నమూనాల నడుమ ఖాళీలలోని తరంగం సైతం సిద్ధాంతరీత్యా పూర్తిగా తిరిగివస్తుందని అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన పత్రంలో నిరూపించారు, అది నన్ను నేటికీ అబ్బురపరిచే సంగతి. అయితే 4,000 హెర్ట్జ్ దగ్గర కోస్తే వయొలిన్ నాదం మొద్దుబారుతుంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన ఊరి వాద్యానికి అది తగదు; సీడీలకు వాడే 44,100 నమూనాలకు పెంచి, 20,000 హెర్ట్జ్ దగ్గర ఫిల్టరు పెట్టమనండి.