అంకెలకు రంగులు తోచేవారు ఒక పనిలోంచి మరో పనిలోకి తేలికగా మారగలరా?

నా అనుభవంలో మారలేరు. ఈ ప్రశ్న చదవగానే నాకు పదేళ్ల కిందటి ఒక మార్చి 31 గుర్తుకు వచ్చింది. ఇలా తోచడానికి సినస్థీషియా అన్న పేరుందని తెలియకముందు నుంచే నాకు 5 ఇటుక రంగులోను, 7 చింతచిగురు పచ్చలోను తోస్తాయి; అచ్చయింది నల్లసిరాతోనే అని కంటికి తెలుస్తున్నా ఆ రంగు పోదు.

ఆ రోజు మా పై అధికారి గారు బాకీలను ఎర్ర స్కెచ్ పెన్నుతోను, వసూళ్లను పచ్చదానితోను రాసిన జాబితాను నా ముందు పెట్టారు. ఎర్రని 7ను చూడడం నాకు పంచదార అనుకుని ఉప్పు నోట్లో వేసుకున్నట్టు ఉంటుంది. దానికి తోడు పది నిమిషాలకొకసారి ఫోను మోగుతూ ఉండేది. అలా ఒకసారి ఫోను పెట్టేసి వచ్చి, 4,570ని 4,750గా ఎక్కించాను. సాయంత్రం మొత్తాల్లో 180 రూపాయల తేడా తేలింది. తేడా తొమ్మిదితో శేషం లేకుండా భాగింపబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమోనని చూడడం గుమాస్తాలందరికీ అలవాటే. అది ఏ పేజీలో అన్నది పట్టుకునేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది.

1935లో స్ట్రూప్ అనే అమెరికన్ పరిశోధకుడు రంగుల పేర్లను వేరే రంగు సిరాతో అచ్చువేయించి సిరా రంగు చెప్పమన్నప్పుడు, వంద మామూలు రంగు గళ్లకు సగటున 63 సెకన్లు పడితే, అలాంటి వంద పేర్లకు 110 సెకన్లు పట్టాయి. నాబోటివారికి రంగు పేరు కూడా అక్కర్లేదు, అంకె చాలు. ఇక పని మార్పు సంగతికొస్తే, 1995లో రోజర్స్, మాన్సెల్ అనే ఇద్దరు ఒక అక్షరాన్ని, ఒక అంకెను జంటగా చూపి, కాసేపు అచ్చా హల్లా అని, కాసేపు సరిసంఖ్యా బేసిసంఖ్యా అని అడిగారు. సిద్ధపడేందుకు సెకనుకు పైగా వ్యవధి ఇచ్చినా, పని మారిన ప్రతిసారీ జాప్యం పూర్తిగా పోలేదు. ఉద్యోగ ప్రకటనల్లో "మల్టీటాస్కింగ్ తప్పనిసరి" అని రాసేవారు ఈ ప్రయోగానికి ఒక్క గంట కూర్చుంటే బాగుండును.

ఈ రెండు జాప్యాలూ నా విషయంలో ఒకదానిమీద ఒకటి పడ్డాయని నా గట్టి నమ్మకం. ఫోను మాటల్లోంచి మనసు ఇంకా తేరుకోకముందే ఎర్రని 7 ఎదురైతే, అంకె కన్నా ముందు రంగే చేతికి అందుతుంది. మరుసటి ఏడు నల్లసిరా ప్రతి కావాలని అడిగి, కారణం కూడా చెప్పాను. మా పై అధికారి గారు నవ్వి, కళ్లద్దాలు మార్పించుకోమన్నారు.