నా వయసు 46, రిపోర్టులో 53... మాత్రలు వాడాలా?

ప్రశ్న: నా వయసు 46. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకుని, ఉమ్మి శాంపిల్ పంపి ‘బయలాజికల్ ఏజ్’ టెస్టు చేయించుకున్నాను. 53 అని వచ్చింది. వయసు తగ్గించే మాత్రలు వాడమని కూడా రాశారు. అప్పటి నుంచి సరిగా నిద్ర పట్టడం లేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న మా అమ్మాయి ‘అందులో చాలావరకు నాయిస్ నాన్నా, టెన్షన్ పడకు’ అంటోంది. బీపీ, షుగర్ చూపించుకుని మూడేళ్లయింది. రోజుకు నాలుగైదు సిగరెట్లు కాలుస్తాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు మీ అమ్మాయి మాట నమ్మండి. తను సరిగ్గానే చెప్పింది. నాయిస్ అంటే దానంతటదే వచ్చే అడ్డదిడ్డమైన తేడాలు.

మన కణాలన్నిటిలో ఉండే డీఎన్‌ఏ దాదాపు ఒకటే. ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఊరుకోవాలి అనేదాంట్లో దాని మీద అంటుకునే మిథైల్ గుర్తులకు (చిన్న రసాయన ముక్కలకు) పెద్ద పాత్ర ఉంది. ‘బయలాజికల్ ఏజ్’ టెస్టులు సాధారణంగా చూసేది వీటినే. ఇవి అంటుకునే చోట్లు సుమారు 2 కోట్ల 80 లక్షలు. 2013లో అమెరికా శాస్త్రవేత్త స్టీవ్ హోర్వత్ వాటిలో 353 చోట్లను చూసి వయసు లెక్కగట్టే పద్ధతి తెచ్చారు. ఇలాంటి పద్ధతులనే ‘గడియారాలు’ అంటారు. సగం శాంపిళ్లలో తేడా 3.6 ఏళ్ల లోపే వచ్చింది. మిగతా సగంలో అంతకంటే ఎక్కువన్నమాట.

పొద్దున్నే వాకిట్లో వేసిన ముగ్గును గుర్తు తెచ్చుకోండి. అప్పుడు గీత గీతలా, చుక్క చుక్కలా ఉంటుంది. పాలబ్బాయి సైకిలు, పిల్లల కాళ్లు, గాలి... సాయంత్రానికి పిండి చెదిరిపోతుంది. ఎవరూ కావాలని చెరపకపోయినా, చెదిరిన తీరు చూసి పొద్దెంత అయిందో చెప్పొచ్చు. మిథైల్ గుర్తులూ అంతే. కణం రెండుగా చీలినప్పుడల్లా వాటిని కాపీ చేసుకోవాలి, అక్కడక్కడా తప్పులు దొర్లుతాయి. చిన్నతనంలో ఒక చోట దాదాపు అన్ని కణాల్లోనూ ఉన్న గుర్తు, వయసు మీదపడే కొద్దీ కొన్నిట్లో ఉండి కొన్నిట్లో ఉండదు. ఫిజిక్స్‌లో దీన్నే ఎంట్రోపీ పెరగడం అంటారు. 2005లో స్పెయిన్ బృందం చేసిన పరిశోధనలో, మూడేళ్ల కవలల్లో ఈ గుర్తులు దాదాపు ఒకేలా ఉంటే, 50 ఏళ్ల కవలల్లో బాగా వేరుపడ్డాయి.

2024లో జర్మనీలోని కొలోన్ పరిశోధకులు కంప్యూటర్‌లో ఈ గుర్తులకు ఒక ప్రారంభ స్థితి తీసుకుని, దానికి అడ్డదిడ్డమైన మార్పులు మాత్రమే కలుపుతూ పోయారు. దాంతోనే వయసు చెప్పే గడియారం తయారైంది! అదే ఏడాది షాంఘై బృందం, హోర్వత్ గడియారం కచ్చితత్వంలో 66 నుంచి 75 శాతం దాకా ఇలాంటి యాదృచ్ఛిక మార్పుల వల్లే రావచ్చని లెక్కగట్టింది. నాకు ఇది చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. ముగ్గు ఎంత చెదిరిందో తెలిసినంత మాత్రాన ఇంటి గోడలు గట్టిగా ఉన్నాయో లేదో తెలియదు కదా.

ఇక కొలతలో వచ్చే తేడా. ఒకే శాంపిల్‌ను రెండుసార్లు పరీక్షిస్తే కొన్ని గడియారాల్లో 9 ఏళ్ల దాకా తేడా వచ్చినట్టు 2022లో ప్రచురించారు. మీది ఏడేళ్లే. పైగా ఉమ్మిలో తెల్ల రక్తకణాలు, బుగ్గ లోపలి కణాలు కలిసి ఉంటాయి. ఆ పాళ్లు మారినా లెక్క మారొచ్చు. నా దగ్గరికి హడావుడిగా వచ్చినవాళ్లకు బీపీ 150 చూపిస్తే, పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తాను. 136కి దిగిన సందర్భాలు ఎన్నో. ఒక్క కొలత మీద మందు మొదలుపెట్టను.

నన్ను కలవరపెడుతున్నది మీ 53 కాదు, మూడేళ్లుగా చూపించుకోని బీపీ, షుగర్. ఈ వారమే బీపీ, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) చూపించుకోండి. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటితే డాక్టర్‌కు చెప్పండి. సిగరెట్ మానేయండి. పొగ తాగేవాళ్లలో ఏహెచ్‌ఆర్‌ఆర్ అనే జన్యువు దగ్గర మిథైల్ గుర్తులు తగ్గిపోతాయి, మానేశాక ఏళ్ల మీద మళ్లీ పెరుగుతాయి. మాత్రల డబ్బా ఇప్పటికే తెప్పించి ఉంటే మింగకండి. టెస్టులకు వెళ్లేటప్పుడు దాన్ని కూడా తీసుకెళ్లి, లోపల ఏముందో మీ డాక్టర్‌కు చూపించండి.