కన్నడ కథలు అనువదిస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

ఆఫీసు టెన్షన్, ఇంటి పని, పాప చదువు, వీటి మధ్య అనువాదానికి తీరిక దొరకడం లేదని రాశావు. కన్నడం పెద్దయ్యాక నేర్చుకున్న దానివి కాబట్టి ఈ పనికి తగుదువో లేదో అనే బెంగ కూడా నీ ఉత్తరంలో కనిపించింది. నీకు షార్లెట్ గెస్ట్ గురించి చెప్పాలి. వేల్స్ ప్రాంతపు మధ్యయుగాల కథల్ని ‘మాబినోగియన్’ పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చినావిడ.

ఆమె 1812లో ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో, లిండ్సీ ఎర్ల్ కూతురుగా పుట్టింది. తండ్రి ఆమె ఆరేళ్ళప్పుడే పోయాడు. చిన్నతనంలోనే అరబిక్, హీబ్రూ, పర్షియన్ చాలావరకు సొంతంగా నేర్చుకుంది. 1833లో, ఇరవై ఒకటో ఏట, తనకంటే ఇరవై ఏడేళ్ళు పెద్దవాడైన జాన్ గెస్ట్‌ను పెళ్ళాడింది. ఆయన వేల్స్‌లో డౌలైస్ ఇనుప కర్మాగారం యజమాని. ప్రభువుల ఇంటి పిల్ల అలా కర్మాగారం ఇంటికి కోడలిగా వెళ్ళడం ఆ వర్గానికి నామోషీ. డౌలైస్ కార్మికుల ఇళ్ళలో మాట్లాడేది వెల్ష్. ఆమె ఆ భాష నేర్చుకున్నది పెళ్ళయ్యాకే.

1838లో ‘మాబినోగియన్’ మొదటి భాగం అచ్చయింది. 1845 నాటికి ఏడు భాగాలు వచ్చాయి, 1849లో మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. పెళ్ళయ్యాక ఆమె మొత్తం పదిమంది పిల్లల్ని కన్నది, కర్మాగారం వ్యవహారాల్లో భర్తకు సాయపడింది. 1839 మార్చిలో ఒకనాటి డైరీలో ‘పెరెదుర్’ కథ మీద గట్టిగా పనిచేశానని, అదే రోజు ఐదో బిడ్డను కన్నానని రాసుకుంది. ఆమెకు నౌకర్లు, దాదులు, డబ్బు ఉన్నాయి. నీకు లేవు. ఆ సంగతి దాచి ఆమెను నీకు ఆదర్శంగా చూపించడం అన్యాయం. కానీ వెల్ష్ భాషను మాత్రం ఏ నౌకరూ తెచ్చి ఇవ్వలేదు కదా.

ఆక్స్‌ఫర్డ్ జీసస్ కాలేజీకి చెందిన ‘హెర్గెస్ట్ ఎర్ర పుస్తకం’ అనే రాతప్రతి నుంచి ఆ కథల్ని ఎత్తిరాసి ఇచ్చింది టెగిడ్ అనే మతగురువు. తామస్ ప్రైస్ వంటి పండితులూ తోడ్పడ్డారు. దాంతో అనువాదం అసలు వాళ్ళే చేశారన్న అనుమానం పుట్టింది. ఆడమనిషి కాకపోతే అంత తేలిగ్గా పుట్టేది కాదని నా నమ్మకం. ఆమె రోజూ కూర్చుని చేసిన పని డైరీ నిండా ఉంది. నువ్వూ సందేహం వస్తే కన్నడ ఇళ్ళకు వెళ్ళి అడుగు. ధార్వాడ వైపు పలుకుబడికీ మంగళూరు వైపు పలుకుబడికీ ఉన్న తేడా నిఘంటువు అన్నిసార్లూ చెప్పదు. చెప్పినవాళ్ళ పేర్లు ముందుమాటలో రాయి.

ఆమె చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది, మూల వెల్ష్ పాఠాన్ని కూడా అనువాదంతో పాటే అచ్చువేయించడం. తెలిసినవాళ్ళు పక్కనపెట్టి పోల్చుకోవచ్చు, తప్పు పట్టుకోవచ్చు. అందుకు ఎంత ధైర్యం కావాలో అనువాదం చేసేవాళ్ళకే తెలుస్తుంది. 1877లో చవక ప్రతి వేసినప్పుడు మూలం తీసేశారు.

కానీ ఒక్క విషయంలో ఆమె దారిన వెళ్ళకు. పుస్తకాన్ని తన కొడుకులు ఐవర్, మెర్థిర్‌లకు అంకితమిచ్చింది. పిల్లలు చదివే పుస్తకమని కాబోలు, స్త్రీపురుషుల పడక ప్రస్తావన వచ్చిన చోట్ల కొన్ని వాక్యాలు వదిలేసింది, కొన్ని మెత్తబరిచింది. ఆ కాలపు మర్యాద అలాంటిదే, నిజమే. అయినా 1929లో మరో ఇంగ్లీషు అనువాదం వచ్చేదాకా చాలామంది పాఠకులకు ఆ కథలు ఆమె ఇచ్చినంత మేరకే అందాయి.

నువ్వు పంపిన రెండో కథలో అత్తాకోడళ్ళు తిట్టుకునే రెండు పేరాలు లేవు. మొరటుగా ఉన్నాయని తీసేశావని అర్థమైంది. మూలంలో ఆ కోడలి కోపమంతా అక్కడే ఉంది. వాటిని తెలుగు పల్లె తిట్లతోనే తిరిగి రాయి. కన్నడ పేజీలు ఫొటో తీసి, వాటితో పాటు ఈ నెలాఖరుకి నాకు పంపు. ముందు ఆ రెండు పేరాలే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు