ఒకే రోజున రెండు పరీక్షలు: మేనకోడలికి ఒక లేఖ

హైదరాబాద్.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మ్యూచువల్ ఫండ్ పంపిణీదారుల పరీక్ష, ఈక్విటీ డెరివేటివ్స్ (షేర్లు, సూచీల ధరల మీద ఆధారపడే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఒప్పందాలు) పరీక్ష, జీవిత బీమా ఏజెంటు పరీక్ష, ఈ మూడింటినీ ఒకే శనివారం రాసి ముగించాలనుకుంటున్నానని, అది సరైన పనేనా అని అడిగావు. చాలాకాలంగా ఈ వృత్తిలో ఉంటూ, కొత్తగా చేరే పిల్లలను ఈ పరీక్షలకు సిద్ధం చేసి పంపుతున్నవాడిని కనుక నా అభిప్రాయాన్ని సూటిగానే చెబుతాను. రెండు రాయి, మూడోదాన్ని వేరే రోజుకు ఉంచుకో. ఆ వేరే రోజుకు ఉంచుకోవలసినది బీమా పరీక్ష.

ఫండ్లు, బీమా రెండూ దగ్గరి విషయాలే కదా, ఒక్క చదువుతో రెండూ పూర్తవుతాయి కదా అని నీ స్నేహితులు చెప్పే ఉంటారు. నేను చూసినంతవరకు జరిగేది దీనికి విరుద్ధంగా ఉంటుంది. బొత్తిగా సంబంధం లేని రెండు విషయాలను ఒకే రోజున రాస్తే మనసు దేన్ని దాని స్థానంలో ఉంచుతుంది, కానీ ఒకే మాటకు రెండు చోట్ల రెండు నియమాలు ఉన్నప్పుడు ఉదయం చదివినది మధ్యాహ్నం జవాబులోకి చొరబడుతుంది. నామినీ సంగతే చూడు. బీమా చట్టానికి 2015లో వచ్చిన సవరణ తరువాత, పాలసీదారు తన తల్లిదండ్రులను గానీ, జీవిత భాగస్వామిని గానీ, పిల్లలను గానీ నామినీగా పెడితే ఆ సొమ్ముపై హక్కు వారికే దక్కుతుంది. మ్యూచువల్ ఫండ్ యూనిట్ల విషయంలో నామినీ చట్టబద్ధ వారసుల తరఫున ధర్మకర్తగా వాటిని అందుకుంటాడు, అంతే. కమిషన్ సంగతీ ఇలాంటిదే. ఫండ్లలో ముందస్తు కమిషన్ పద్ధతిని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2018లో నిలిపివేసి, పెట్టుబడి కొనసాగినంత కాలం వచ్చే ట్రెయిల్ కమిషన్‌నే సాధారణ నియమం చేసింది, బీమాలో మాత్రం మొదటి ఏడాది కమిషన్, రెన్యువల్ కమిషన్ అనే విభజన ఉంది. పాలసీ నచ్చకపోతే తిప్పి పంపడానికి బీమా కొనుగోలుదారుకు 2024 నుంచి 30 రోజుల గడువు ఉంది, ఫండ్ యూనిట్లు కొన్నవారికి అలాంటి గడువే లేదు. కమిషన్‌లో కొంత కొనుగోలుదారుకు తిరిగి ఇవ్వడం రెండు చోట్లా నిషిద్ధమే అయినా, బీమాలో దాన్ని నిషేధించేది 1938 నాటి బీమా చట్టంలోని 41వ సెక్షన్, ఫండ్లలో నిషేధించేది పంపిణీదారుల ప్రవర్తనా నియమావళి. వీటిని ఒక వారం తేడాతో చదివితే తికమక ఉండదు, మూడు గంటల తేడాతో రాస్తేనే చిక్కు.

పైగా ఏజెంటు అభ్యర్థిని పరీక్షకు పంపేది బీమా కంపెనీ కనుక ఆ తేదీ పూర్తిగా నీ చేతిలో ఉండదు. అది గంటలో 50 ప్రశ్నలకు జవాబులు రాసే పరీక్ష, తెలుగులోనూ రాయవచ్చు, 35 శాతం మార్కులు వస్తే చాలు. దానికోసం మిగిలిన రెండింటినీ ఇబ్బందిలో పెట్టవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మన ఊళ్లోనే, ఆర్థిక జిల్లాలోనే ఉందిగానీ, అందువల్ల పరీక్ష విషయంలో మనకు కలిసివచ్చేదేమీ లేదు.

ఇక సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం జరిపే పరీక్షలు రెండూ, అంటే ఫండ్ల సిరీస్ 5-ఎ, డెరివేటివ్స్ సిరీస్ 8, ఒకే రోజున రాయడానికి తగినవే. రెండింటిలోనూ 100 ప్రశ్నలు, వ్యవధి రెండేసి గంటలు. తేడా అంతా మార్కుల లెక్కలో ఉంది, నీవు అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసినది ఈ సంగతినే. సిరీస్ 8లో ఉత్తీర్ణతకు 60 శాతం కావాలి, తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులో నాలుగో వంతు కోత పడుతుంది. సిరీస్ 5-ఎలో 50 శాతం చాలు, కోత లేదు. ఈ రెండు నియమాలూ ఒకే రోజున నీ చేతి అలవాటును పరీక్షిస్తాయి. సిరీస్ 8లో నీవు వందకు వంద గుర్తించి, 67 సరిగా, 33 తప్పుగా రాశావనుకో. ఎనిమిదింపావు మార్కులు పోయి 58.75 మిగులుతాయి, అంటే తప్పినట్టే. అదే 64 సరైనవి, 16 తప్పులు, 20 ఖాళీలు ఉంటే సరిగ్గా 60 వస్తాయి. అలాగని తెలియని ప్రతి ప్రశ్ననూ వదిలేయమని కాదు. నాలుగు జవాబుల్లో ఒకటి ఖచ్చితంగా తప్పని తెలిస్తే, మిగిలిన మూడింటిలో ఊహించి గుర్తించడం సగటున లాభమే. ఏదీ తెలియనప్పుడు దక్కే లాభం నామమాత్రం కనుక, అలాంటివాటిని గడువు చివరికి వదిలి, అప్పటికి నీ సరైన జవాబుల సంఖ్యను అంచనా వేసుకుని నిర్ణయించుకో. సిరీస్ 5-ఎలో ఒక్క ప్రశ్ననూ ఖాళీగా వదలకు. ఉదయం నేర్చుకున్న పొదుపును మధ్యాహ్నం కొనసాగించి, తెలిసిన విషయాలకు కూడా సందేహపడి ఖాళీలు వదిలిన పిల్లలను చూశాను.

కనుక ఉదయం సిరీస్ 8, మధ్యాహ్నం సిరీస్ 5-ఎ. ఆప్షన్స్ లాభనష్టాల లెక్కలు, ఫ్యూచర్స్ ధరలో వడ్డీ భారం లెక్క, మార్జిన్ల (ముందుగా కట్టే హామీ సొమ్ముల) ప్రశ్నలు, ఇవన్నీ అలసిన తలతో చేసే పనులు కావు. పరీక్ష మొదలవగానే రఫ్ కాగితం మీద నాలుగు ప్రాథమిక స్థితులను రాసుకో: కాల్ (నిర్ణీత ధరకు కొనే హక్కు) కొన్నవారు, అమ్మినవారు, పుట్ (నిర్ణీత ధరకు అమ్మే హక్కు) కొన్నవారు, అమ్మినవారు, ఎవరికి నష్టం ఎంతకు పరిమితం, ఎవరికి సమతుల్య ధర, అంటే లాభమూ నష్టమూ లేని ధర, ఎక్కడ అని. 24,000 స్ట్రైక్ (నిర్ణీత ధర) ఉన్న కాల్‌ను 150 ప్రీమియానికి కొంటే సమతుల్య ధర 24,150. ఇది నీకు నిద్రలో కూడా తెలుసు, కానీ నలభయ్యో ప్రశ్న దగ్గర కూడిక తీసివేతగా మారడం మామూలే.

ఈ రెండింటి మధ్య చొరబడే విషయం ఒక్కటే ఉంది, అది పన్ను. ఫండ్లలో మూలధన లాభాలు, డెరివేటివ్స్‌లో వ్యాపార ఆదాయం. ఈక్విటీ ఫండ్ల దీర్ఘకాలిక లాభంపై పన్ను 2024 జులై 23 నుంచి 10 శాతం కాక 12.5 శాతం అయింది, మినహాయింపు పరిమితి లక్ష రూపాయల నుంచి లక్షా పాతిక వేలకు పెరిగింది. ఇండెక్స్ (సూచీ) డెరివేటివ్స్ కాంట్రాక్టుల కనీస విలువను సెబీ 15 లక్షలకు పెంచినదీ అదే ఏడాదే. కాబట్టి అమీర్‌పేటలో పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ప్రతిని గానీ, సీనియర్లు ఇచ్చిన నోట్సును గానీ నమ్ముకోవద్దు. వర్క్‌బుక్‌ను ఎన్‌ఐఎస్‌ఎం ఉచితంగానే ఇస్తుంది. నీ పరీక్ష తేదీకి ఏ సంచికను అనుసరిస్తారో చూసుకుని, దానినే చదువు.

పేరు విషయంలో మన తెలుగువాళ్లకు ఉండే ఇబ్బంది వేరు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా, డిగ్రీ పత్రంలో చివర ఉండటం మన ఇళ్లలో సర్వసాధారణం. రిజిస్ట్రేషన్ పాన్‌తో ముడిపడి ఉంటుంది కనుక అక్కడ ఎలా ఉందో అలాగే నమోదు చేయించుకో. నీ పాన్‌లో ఏదైనా సరిచేయవలసి ఉంటే ముందు ఆ పని పూర్తయ్యాకే పరీక్ష తేదీ తీసుకో. అసలు కార్డు చేతిలో ఉండాలి, ఫోన్‌లోని ఫోటో పనికిరాదు.

రెండు పరీక్షలకూ ఒకే కేంద్రం దొరికితేనే ఆ తేదీ తీసుకో. ఉదయం దిల్‌సుఖ్‌నగర్‌లో, మధ్యాహ్నం మాదాపూర్‌లో అంటే, అమీర్‌పేటలో మెట్రో మారి చేరుకోగలవేమో గానీ, ఆ ప్రయాణంలోనే నీ విశ్రాంతి అంతా కరిగిపోతుంది. రెండింటి మధ్య కనీసం రెండు గంటల విరామం ఉండాలి. శనివారం కుదరక ఆదివారానికి మారితే, ఆషాఢంలో బోనాల రోజున సికింద్రాబాద్, పాతబస్తీ దారులు మళ్లిస్తారని గుర్తుంచుకో. వినాయక నిమజ్జనం నాడు అసలే వద్దు.

సిరీస్ 8 ముగించి సమర్పించగానే మార్కులు తెర మీద కనిపిస్తాయి. రెండో పరీక్షకు నిజమైన ముప్పు అక్కడే ఉంది. తప్పితే మనసు కుంగుతుంది, ఉత్తీర్ణురాలివైతే ఫోన్లు మొదలవుతాయి, రెండూ మధ్యాహ్నం పరీక్షకు చేటే. ఫలితం ఏదైనా సాయంత్రం వరకు ఎవరికీ చెప్పవద్దు, మీ అమ్మకు కూడా. ఆమెకు నేను ముందే చెప్పి ఉంచుతాను. పోయిన ప్రశ్నలకు జవాబులు వెదకవద్దు. పెరుగన్నం తిని, ముందురోజు నీ చేతితో రాసుకున్న ఒక్క పుట మాత్రం చూసుకో. అందులో పన్ను రేట్లు, ఎన్‌ఏవీ (ఆ రోజు యూనిట్ విలువ) వర్తించే వేళలు ఉంటే చాలు. కొనుగోళ్లలో లిక్విడ్, ఓవర్‌నైట్ ఫండ్లకు మధ్యాహ్నం ఒకటిన్నర, మిగిలినవాటికి మూడు గంటలు. ఉదయం పరీక్ష తప్పినా రెండోదానికి తప్పక కూర్చో. ఒకదాని మార్కులు మరొకదానికి సంబంధం లేనివి, సిరీస్ 8ని మళ్లీ రాసుకోవచ్చు.

రెండు సర్టిఫికెట్లూ చేతికి వచ్చాక ఇంకొక సంగతి ఉంది. ఫండ్ల సర్టిఫికెట్‌తో ఫండ్ కంపెనీల సంఘమైన యాంఫీకి ఏఆర్‌ఎన్ (పంపిణీదారు రిజిస్ట్రేషన్ సంఖ్య) కోసం దరఖాస్తు పెట్టుకోవాలి, అది రాకుండా ఎవరి దగ్గరా పెట్టుబడి తీసుకోకూడదు. సర్టిఫికెట్లకు మూడేళ్ల గడువు ఉంటుంది, ఒకే రోజున రాసినందువల్ల రెండూ ఒకేసారి ముగుస్తాయి. గడువులోపల సీపీఈ (వృత్తిలో ఉన్నవారి పునశ్చరణ) తరగతికి హాజరైతే పొడిగింపు వస్తుంది, దాటితే మళ్లీ పరీక్షే. కాబట్టి రెండు తరగతులనూ ఆఖరి నెలకు పెట్టుకోకుండా, ఒకదాన్ని కొన్ని నెలల ముందే పూర్తి చేసుకునేలా ఇప్పుడే డైరీలో రాసుకో.

హాల్ టికెట్లు రాగానే వాటి మీద కేంద్రం, వేళలు, నీ పేరు చూసి నాకు తెలియజేయి.

ఇట్లు,
మీ మామయ్య